కనిపించని కంచె

1

మా కాలేజీలో ప్రబంధ లక్షణాలు చెబుతున్నప్పుడు ఏటా ఒక ప్రశ్న వస్తుంది. అష్టాదశ వర్ణనలలో ఉద్యానవన వర్ణన ఒకటి. నాయిక తోటలోకి వెళ్ళటం, చెలికత్తెలు పూలు కోయటం, చెట్ల పేర్లన్నీ కవి ఏకరువు పెట్టటం - వరసగా రెండు మూడు ప్రబంధాల్లో ఇదే చూసిన తరువాత వెనక బెంచీల్లోంచి ఎవరో ఒకరు లేస్తారు. “మాస్టారూ, రాజుగారి తోటతో మాకేం పని? మా తాతల్ని అందులోకి రానిచ్చారా?” అని అడుగుతారు.

ఈ ప్రశ్నకు రెండు జవాబులు సిద్ధంగా ఉన్నాయి. ఒకటి సంప్రదాయ పండితుడిది. తోట ఎవరిదైతే నీకేం నాయనా, రసం చూడు, పద్యం నడక చూడు అంటాడాయన. రెండోది మనవాళ్ళలో కొందరిది. అది భూస్వామ్య సంస్కృతి, పరీక్షకు కావలసినంత చదివి తక్కినది వదిలెయ్యి అంటారు వీళ్ళు. మొదటి జవాబు ప్రశ్నను విననట్టు నటిస్తుంది. రెండో జవాబు ప్రశ్నను మెచ్చుకుని, జవాబు చెప్పే బాధ్యత నుంచి తప్పించుకుంటుంది. చాలా కాలం నేను ఆ పూటకు ఏది తోస్తే అది చెప్పి గంట కొట్టేదాకా నెట్టుకొచ్చాను. ఇది గొప్పగా చెప్పుకోదగిన సంగతి కాదు.

గత వేసవిలో ఇంగ్లండులో ఒక ప్రైవేటు తోట చూశాను. ఆ ప్రశ్న అక్కడ నాకు పద్యాల్లో కాక రాళ్ళలో, నీళ్ళలో, గడ్డిలో ఎదురయింది. తోట కూడా ఒక రచనే. దానికి కర్త ఉన్నాడు, పోషకుడున్నాడు, వస్తువుంది, రూపముంది, చూసేవాడు ఎక్కడ నిలబడాలో ముందే నిర్ణయించిన దృక్పథం ఉంది. కనుక దాన్ని సాహిత్య విమర్శ పద్ధతిలోనే పరిశీలించవచ్చు.

2

మా పెదనాన్నగారి అమ్మాయి బర్మింగ్‌హామ్‌లో ఆసుపత్రి నర్సు. ఆమె దగ్గర రెండు వారాలున్నాను. ఒక సెలవునాడు నన్ను కారులో గ్లాస్టర్‌షైర్‌లోని సీజిన్‌కోట్‌కు తీసుకుపోయింది. మోర్టన్-ఇన్-మార్ష్ అనే చిన్న పట్నానికి దగ్గరగా, కాట్స్‌వోల్డ్ గుట్టల వాలులో ఉన్నదది. సొంతదారులు ఇప్పటికీ అక్కడే కాపురముంటున్నారు. ఏడాదిలో కొన్ని నెలలు, వారంలో కొన్ని పూటలు మాత్రం టికెట్టు కొన్నవాళ్ళను తోటలోకి రానిస్తారు.

చెట్ల మధ్యగా వచ్చే దారి మలుపు తిరిగేసరికి ఆగిపోయాను. ఎదురుగా పచ్చబారిన రాగి గుమ్మటం. మూలల మీద ఛత్రీలు. గోడ మీద నుంచి ముందుకు సాగిన లోతైన చూరు. నెమలి పింఛం విప్పినట్టున్న కిటికీ తోరణాలు. ఆగ్రాలో, ఢిల్లీలో ఎండకు పుట్టిన ఆకారాలన్నీ ఇంగ్లండు మబ్బుల కింద, ఓక్ చెట్ల నడుమ నిలబడి ఉన్నాయి. ఇంటి పక్కనుంచి ఒక వాగు దిగుతుంది. వాగు మొదట్లో కొలను, కొలను ఒడ్డున చిన్న సూర్యాలయం. దిగువన ఒక వంతెన, దాని గోడల మీద నందులు. వంతెన కింద ఎలిఫెంటా గుహలను తలపించే బరువైన స్తంభాలు, నీళ్ళలో కాలు పెట్టి దాటటానికి పరిచిన రాళ్ళు. ఇంకా కిందికి పోతే ఒక చిన్న కొలను నడుమ మానుకు చుట్టుకున్న మూడు తలల పాము, నీళ్ళు చిమ్ముతూ. వీటన్నిటి చుట్టూ పెద్ద పెద్ద ఆకుల మొక్కలు, నీటి అంచున రంగురంగుల పూలు.

“అన్నయ్యా, సూర్యుడి గుడి దగ్గర నందులేమిటి? ఏడు గుర్రాలుండాలి గదా?” అన్నది మా చెల్లెలు.

ఆమె పొరపాటు పట్టుకున్నది. కాని ఆ పొరపాటు తెలియక చేసింది కాదు. ఈ తోటకు సలహాదారు థామస్ డేనియల్ అనే చిత్రకారుడు. అన్నకొడుకు విలియంతో కలిసి 1786లో మన దేశానికి వచ్చి, ఏడెనిమిదేళ్ళు హిమాలయాల నుంచి దక్షిణాది దాకా తిరిగి బొమ్మలు గీసుకుపోయాడు. ఆ తరువాత 1795 నుంచి 1808 దాకా 144 పెద్ద చిత్రాలను అచ్చువేశాడు. ఇంగ్లండు ధనికుల కళ్ళకు భారతదేశం ఇట్లా ఉంటుందని నేర్పింది ఆ చిత్రాలే. సీజిన్‌కోట్‌లో ఎద్దులు ఎక్కడ పెట్టాలన్న చర్చ వచ్చినప్పుడు, దేవశిల్పి విశ్వకర్మ వచ్చి తొంగిచూసినా వాటిని అక్కడే ఉండనిమ్మంటాడని డేనియల్ యజమానికి చమత్కారంగా ఉత్తరం రాశాడు. అంటే ఏ దేవుడికి ఏ వాహనమన్నది అక్కడ ప్రశ్న కాదు. కంటికి ఎక్కడ బాగుంటుందన్నదే ప్రశ్న.

ఇంకో విశేషముంది. బయట ఇంత భారతదేశాన్ని తొడుక్కున్న ఈ ఇంటి లోపలి గదులు మాత్రం ఆనాటి ఇంగ్లీషు పెద్దమనిషి ఇళ్ళలో ఎట్లా ఉంటాయో అట్లాగే ఉంటాయి. అలంకారాలన్నీ గ్రీకు, రోమను పద్ధతివే. భారతదేశం చూడటానికి, ఇంగ్లండు ఉండటానికి. వస్తువును వదిలి రూపాన్ని మాత్రం తీసుకోవటమంటే ఏమిటో విద్యార్థులకు చెప్పటానికి ఇంతకంటె మంచి ఉదాహరణ నాకు పుస్తకాల్లో దొరకలేదు.

ఇంత రాసి, నాకు ఆ తోట నచ్చలేదని చెబితే అబద్ధమవుతుంది. నచ్చింది. వంతెన కింద రాళ్ళ మీద కూర్చుని నీళ్ళ చప్పుడు వింటూ అరగంట గడిపాను. ఆ అరగంటను కాదనకుండా, దానికి లొంగిపోకుండా ఏం చెప్పగలనన్నదే ఈ వ్యాసం.

3

మొదట డబ్బు సంగతి. ఈ ఎస్టేటును 1795లో కొన్నవాడు జాన్ కాకరెల్ అనే కంపెనీ కర్నలు. ఆయన 1798లో చనిపోయిన తరువాత అది తమ్ముడు చార్లెస్ చేతికి వచ్చింది. చార్లెస్ కాకరెల్ కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. అక్కడి పెద్ద ఏజెన్సీ హౌసులలో ఒకదానికి భాగస్వామి. ఏజెన్సీ హౌసంటే వ్యాపార సంస్థా, బ్యాంకూ రెండూ. కంపెనీ దొరలు మన దేశంలో జీతం మీదా, జీతం కాని దాని మీదా కూడబెట్టిన సొమ్మును దాచి, వడ్డీకి తిప్పి, సరుకుల్లోకీ హుండీల్లోకీ మార్చి ఇంగ్లండుకు చేర్చటం వాటి ముఖ్యమైన పని. ఇంటికి నమూనా వేసినవాడు ఇంకో తమ్ముడు శామ్యూల్ పెపిస్ కాకరెల్. ఆయన కంపెనీ వాస్తుశిల్పి. అక్కడికి కొద్ది మైళ్ళ దూరంలో వారన్ హేస్టింగ్స్ సొంత ఊరు డేల్స్‌ఫర్డ్ ఉంది. హేస్టింగ్స్ ఇంటిని తిరిగి కట్టినవాడూ ఈ కాకరెలే.

మన దేశం నుంచి డబ్బు మూటతో తిరిగివచ్చిన వాళ్ళను ఇంగ్లండులో ‘నేబాబ్’ అనేవాళ్ళు. మన నవాబు మాటే అది. 1772లోనే లండన్ రంగస్థలం మీద శామ్యూల్ ఫుట్ ఆ పేరుతో ఒక ప్రహసనం ఆడించాడు. పాత కులీనులు ఈ కొత్త డబ్బును చూసి మూతి విరిచారు. కాని వ్యతిరేకత డబ్బు మీద కాదు, దాని కొత్తదనం మీద. కొత్తదనం పోగొట్టుకోవటానికి ఉన్న దారి భూమి కొనటం, తోట వెయ్యటం. చెట్టు పెరిగే కొద్దీ డబ్బు పాతబడుతుంది. రెండు తరాలు గడిచాక ఆ కుటుంబం అనాదిగా అక్కడే ఉన్నట్టు కనిపిస్తుంది. 1807లో యువరాజు సీజిన్‌కోట్ చూసి ముచ్చటపడ్డాడు. బ్రైటన్‌లో ఆయన పెవిలియన్ గుమ్మటాలకు ప్రేరణ ఈ ఇల్లే. 1914లో యుద్ధం వచ్చినప్పుడు ఫ్రాన్సులో గాయపడిన మన సిపాయిలను ఆ బ్రైటన్ గుమ్మటాల కిందనే పడుకోబెట్టి వైద్యం చేశారు. ముందు మన ఆకారాలు పోయాయి, ఒక శతాబ్దం తరువాత మన మనుషులు పోయారు.

ఇది బెంగాలు కథ, మన కథ కాదనుకోనక్కరలేదు. థామస్ రంబోల్డ్ అనే కంపెనీ ఉద్యోగి బెంగాలు కొలువులో సంపాదించి, 1770ల నడుమ హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో వుడ్‌హాల్ ఎస్టేటు కొని అక్కడ పెద్ద భవనం కట్టటం మొదలుపెట్టాడు. 1778లో మద్రాసు గవర్నరుగా వచ్చి, ఉత్తర సర్కారుల జమీందారులను కప్పం ఖరారు చేసుకోవటానికి తమ తావులు వదిలి మద్రాసుకు రావలసిందని హుకుం చేశాడు. ఆ బేరాల్లో ముడుపులు చేతులు మారాయని ఆరోపణ వచ్చింది. కంపెనీ డైరెక్టర్లు 1781లో ఆయన్ను తొలగించారు. 1782లో పార్లమెంటులో ఆయన మీద శిక్షా బిల్లు వచ్చింది గాని నడుమనే వీగిపోయింది. నేరం రుజువు కాలేదు కనుక ఆ ముడుపుల గురించి నేను తీర్పు చెప్పను. రుజువు అక్కరలేని సంగతి ఒకటుంది. గంజాము నుంచి గుంటూరు దాకా రైతు కట్టిన శిస్తు జమీందారు చేతిలో ఆగలేదు, మద్రాసులో ఆగలేదు.

4

డబ్బు ఎక్కడిదో చెప్పి ముగిస్తే విమర్శ సగమే అవుతుంది. మనవాళ్ళు సాధారణంగా అక్కడే ఆగుతారు. శ్రీశ్రీ ‘దేశచరిత్రలు’లో తాజమహల్ కూలీలను గురించి వేసిన ప్రశ్నను మనం ఎన్ని వేదికల మీద అప్పజెప్పామో లెక్కలేదు. అప్పజెప్పేసరికి అది ప్రశ్నగా ఉండటం మానేసి మంగళహారతి అయింది. ఆ ప్రశ్న నిజంగా అడగాలంటే వస్తువు దగ్గరకు పోయి దాని అమరికలో శ్రమ ఎక్కడ దాగిందో వెతకాలి. డబ్బు తోట బయటి సంగతి. దాచటమనేది తోట రూపంలోనే ఉన్న సంగతి.

ఇంగ్లీషు తోట గొప్పతనమంతా అది తోటలా కనిపించకపోవటంలో ఉంది. ఫ్రెంచి రాజుల తోటల్లో గీతలు గీసినట్టు దారులుంటాయి, చెట్లను కత్తిరించి నిలబెడతారు. అక్కడ అధికారం బాహాటంగా కనిపిస్తుంది. 18వ శతాబ్దపు ఇంగ్లీషు భూస్వామి అట్లా కాదు. గడ్డి నేల మెల్లగా వాలి చెరువులోకి దిగుతుంది, అక్కడక్కడ చెట్ల గుంపులు, దూరాన గొర్రెలు మేస్తుంటాయి. అంతా ప్రకృతి తనంత తాను చేసుకున్నట్టుంటుంది. ‘కేపబిలిటీ’ బ్రౌన్ అని పేరుపడిన లాన్సెలట్ బ్రౌన్ వాగులకు ఆనకట్టలు వేయించి, గుట్టలు తొలిచి, మట్టి మోయించి ఈ సహజత్వాన్ని తయారు చేయించాడు. వేల బుట్టల మట్టి మోసిన తరువాత మట్టి మోసిన జాడ కనిపించకూడదు. అదీ ఆ కళకు ఆదర్శం.

గొర్రెలు దూరాన కనిపించాలి గాని ఇంటి ముందుకు రాకూడదు. పొలాలూ కనిపించాలి గాని పొలంలోని మనిషి లోపలికి రాకూడదు. కంచె వేస్తే దృశ్యం తెగుతుంది. దీనికి వాళ్ళు కనిపెట్టిన ఉపాయం పేరు ‘హాహా’. నేలలో లోతుగా కందకం తవ్వుతారు. ఇంటి వైపు నిట్టనిలువు గోడ, దాని పైఅంచు గడ్డి నేలకు సమానంగా ఉంటుంది. పొలం వైపు వాలుగా వదిలేస్తారు. ఇంటి మెట్ల మీద నిలబడి చూస్తే గడ్డి నేలా, మేత బీడూ, పొలమూ ఒకటే నేలగా క్షితిజం దాకా సాగిపోతాయి. పొలంలో నిలబడి చూస్తే ఎదురుగా మనిషెత్తు రాతిగోడ. బకింగ్‌హామ్‌షైర్‌లోని స్టౌ తోటలో 18వ శతాబ్దం తొలి దశకాల్లో చార్లెస్ బ్రిడ్జ్‌మన్ దీన్ని విరివిగా వాడాడు. తరువాత ఇది ఇంగ్లండంతటా పాకింది.

నాకు తెలిసినంతలో వర్గదృష్టికి ఇంతకంటె కచ్చితమైన నిర్మాణం మరొకటి లేదు. అది అబద్ధం చెప్పదు. గోడ ఉన్నది. ఎక్కడ నిలబడితే అది కనిపించదో అక్కడ మనల్ని నిలబెడుతుంది, అంతే. టికెట్టు కొనుక్కుని లోపలికి వెళ్ళిన ప్రతివాడూ యజమాని నిలబడే చోటనే నిలబడతాడు, ఆయన కళ్ళతోనే చూస్తాడు. వంతెన కింద అరగంట నేనూ అట్లాగే కూర్చున్నాను.

కొన్ని చోట్ల దాచటంతో సరిపోలేదు. స్టౌ అనే ఊరు ఒకప్పుడుండేది. ఇప్పుడు తోటలో చెట్ల చాటున దాని చర్చి ఒక్కటే ఉంది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర న్యూనం కోర్ట్‌నీలో హార్‌కోర్ట్ ప్రభువు 1760 ప్రాంతంలో పాత ఊరిని ఎత్తివేయించి, రోడ్డు పక్కన కొత్త ఇళ్ళ వరస కట్టించి, పాత ఊరి చోట తోట వేయించాడు. ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1770లో ప్రచురించిన ‘ది డెజర్టెడ్ విలేజ్’ కావ్యానికి మూలం ఆ ఊరేనని చాలామంది విమర్శకుల అభిప్రాయం. డార్సెట్‌లో మిల్టన్ ప్రభువు ఒక చిన్న పట్నాన్నే తీసివేయించి, కంటికి ఆనని లోయలోకి మార్పించాడు. ఆ మిల్టన్ ఏబస్ ఈనాడు యాత్రికులు ఫోటోలు తీసుకునే ముచ్చటైన ఊరు. ఊళ్ళు తీసినచోట్లు కొన్నే. ఉమ్మడి భూములు పోయినచోట్లు లెక్కలేనన్ని. 1604 నుంచి 1914 దాకా పార్లమెంటు 5,200కు పైగా ఆవరణ చట్టాలు చేసి సుమారు 68 లక్షల ఎకరాలకు కంచె వేసింది. ఇంగ్లండు నేలలో అది అయిదో వంతు పైచిలుకు. మేత బీడు పోయిన పేదరైతు కూలీ అయినాడు. ఆ కూలీల్లో కొందరు తోటలో పనికి కుదిరారు.

5

అట్లా కుదిరిన వాళ్ళలో ఒకడు కవి అయినాడు. జాన్ క్లేర్ 1793లో నార్తాంప్టన్‌షైర్‌లోని హెల్ప్‌స్టన్ గ్రామంలో పొలం కూలీ ఇంట పుట్టాడు. కుర్రతనంలో దగ్గరలోని బర్లీ హౌస్‌లో తోటపనికి శిష్యుడుగా చేరాడు. బర్లీ నేలలను తీర్చింది బ్రౌనే. ఆ తోటలో పనిచేసే కుర్రాళ్ళను రాత్రిపూట లోపల పెట్టి తాళం వేసేవారట, పండ్లు దొంగిలిస్తారని. కిటికీలోంచి దిగి బయటికి పోయేవాళ్ళమని క్లేర్ తరువాత తన జీవితాన్ని గురించి రాసుకుంటూ చెప్పాడు.

1809లో హెల్ప్‌స్టన్ భూములకు ఆవరణ చట్టం వచ్చింది. అతను చిన్నప్పుడు తిరిగిన బీళ్ళు, వాగులు, చెట్లు ఒక్కొక్కటే కంచెల్లోకి పోయాయి. వాటికి కంచె వేసే కూలిపని కూడా అతను చేశాడు. 1820లో మొదటి పుస్తకం రాగానే లండన్ పెద్దమనుషులు ‘రైతుకూలీ కవి’ అని పిలిచి చూశారు, నాలుగు రోజులకు మరిచారు. 1841 నుంచి 1864లో చనిపోయేదాకా నార్తాంప్టన్ పిచ్చాసుపత్రిలో ఉన్నాడు.

క్లేర్ ప్రకృతి కవిత్వంలో ఒక విశేషముంది. అతను దూరాన నిలబడి దృశ్యం చూడడు. గూడు ఎక్కడుందో, గుడ్డు మీద చుక్కలెట్లా ఉన్నాయో వంగి చూస్తాడు. ఇంటి మెట్ల మీద నిలబడ్డవాడికి క్షితిజం కనిపిస్తుంది. కలుపు తీసేవాడికి ఆకు కనిపిస్తుంది. కందకానికి రెండు వైపులా నిలబడిన కవి కనుక, ప్రకృతిని ప్రేమించటానికి యజమాని చూపు అవసరం లేదని అతను నిరూపించాడు. తోటలో నాకు కలిగిన ఆనందం భూస్వామి ఆనందమేనా అన్న నా సందేహానికి సగం జవాబు క్లేర్ దగ్గర దొరికింది. ఆనందం ఆయన సొత్తు కాదు. నిలబడిన చోటు మాత్రమే ఆయనది.

జేన్ ఆస్టిన్ ‘మాన్స్‌ఫీల్డ్ పార్క్’ (1814) కూడా ఇక్కడ గుర్తుకు రావలసిన నవల. సదర్టన్ తోటలో తాళం వేసిన ఇనుప గేటు, దాని పక్కన హాహా, వాటి ముందు అసహనంతో నిలబడిన ఒక యువతి. మాన్స్‌ఫీల్డ్ ఇంటి యజమాని ఆస్తి కొంత ఆంటిగ్వా దీవిలో ఉంది. నవల ఈ సంగతిని ఎక్కువగా మాట్లాడదు, కాని దాచదు. ఎడ్వర్డ్ సెయిద్ 1993లో ఈ నవలను ఆ దీవి వైపు నుంచి చదివి చూపించాడు. అంతకు ముందే, 1973లో, రేమండ్ విలియమ్స్ ఇంగ్లీషు సాహిత్యంలోని పల్లెటూరి అందాన్నంతా కూలీ వైపు నుంచి చదివాడు. ఇద్దరూ ఆ పుస్తకాలను అవతల పారేయలేదు, నిలబడే చోటు మార్చుకున్నారు.

6

ఇక ఈ తోటలు జనానికి తెరవటం. ఇది కొత్త ఔదార్యం కాదు. స్టౌ చూడటానికి వచ్చేవాళ్ళ కోసం 1717 నాటికే సత్రం కట్టారు. 1744లో బెంటన్ సీలీ దానికి చేతిపుస్తకం అచ్చువేశాడు. చూసేవాళ్ళు లేకపోతే వైభవానికి అర్థం లేదు. అయితే ఆనాడు వచ్చినవాళ్ళు ఎక్కువగా బండ్లున్నవాళ్ళు.

సామాన్యులకు తలుపు తెరుచుకున్నది 1927లో. ఆనాటికి ఇంగ్లండులో బీదల ఇళ్ళకు పోయి రోగులకు సేవచేసే జిల్లా నర్సుల వ్యవస్థ చందాల మీద నడుస్తున్నది. 1859లో లివర్‌పూల్ వ్యాపారి విలియం రాత్‌బోన్ ఆ పనికి పునాది వేశాడు. ఆ నర్సుల నిధికి డబ్బు కావలసివచ్చి, నిర్వాహక సభ్యురాలు ఎల్సీ వాగ్ ఒక సూచన చేసింది. పెద్దవాళ్ళ తోటల్లోకి మనిషికి ఒక షిల్లింగు తీసుకుని జనాన్ని రానిస్తే ఎట్లా ఉంటుందని. ఆ ఏడు 609 తోటలు తెరిచారు, 8,191 పౌన్లు వచ్చాయి. ఆ పథకం నేటికీ నడుస్తున్నది. ఇప్పుడు అందులో మూడు వేలకు పైగా తోటలున్నాయి. చాలావరకు చిన్న ఇళ్ళ పెరటి తోటలు. వచ్చే డబ్బు ఎక్కువ భాగం నర్సింగు, ఆరోగ్య సంస్థలకు పోతుంది.

సీజిన్‌కోట్‌లో టీ తాగుతూ మా చెల్లెలికి ఈ సంగతి చెప్పాను. మొదట నవ్వింది. తరువాత, “అంటే వాన పడి జనం రాకపోతే ఆ ఏడు నర్సుకు జీతం లేదా, అన్నయ్యా?” అన్నది.

దానధర్మాల మీద మనం రాసిన వ్యాసాలన్నిటికంటె ఈ ప్రశ్న సూటిగా ఉంది. 1948లో జాతీయ ఆరోగ్య సేవ వచ్చిన తరువాత జిల్లా నర్సు ప్రజల పన్నుల మీద, ప్రజల హక్కుగా నడిచింది. ఆనాటి నుంచి షిల్లింగుల మీద ఆధారపడనక్కర లేకపోయింది. అంతమాత్రాన 1927 షిల్లింగును వెక్కిరించనక్కర లేదు. ఆ షిల్లింగులతో ఎందరో బీద ఇళ్ళలో రోగులకు కట్టు కట్టారు, కాన్పులు చేశారు. కాని దయ ఇచ్చినదాన్ని దయ తిరిగి తీసుకోగలదు. హక్కును తీసుకోవాలంటే పోరాడాలి.

ఈ తేడా తెలియటానికి ఇంకో తేదీ పక్కన పెట్టి చూడాలి. తోటలు తెరిచిన అయిదేళ్ళకు, 1932 ఏప్రిల్ 24న, మాంచెస్టర్ ప్రాంతపు యువ కార్మికులు కొన్ని వందల మంది డెర్బీషైర్‌లోని కిండర్ స్కౌట్ కొండ మీదికి అనుమతి లేకుండా నడిచారు. ముందు నిలిచినవాడు బెన్నీ రాత్‌మన్ అనే ఇరవయ్యేళ్ళ కమ్యూనిస్టు. ఆ కొండ డెవన్‌షైర్ డ్యూకు వేట బీడు. అయిదుగురికి రెండు నుంచి ఆరు నెలల దాకా జైలు పడింది. అదే డ్యూకు వంశానికి అదే జిల్లాలో చాట్స్‌వర్త్ భవనముంది. దాని తోట చూడటానికి 19వ శతాబ్దం నుంచే జనాన్ని రానిస్తూ వచ్చారు. తోటలోకి రమ్మన్నచోటికి వస్తే అతిథి. కొండ మీదికి తనంత తాను వెళితే నేరస్థుడు. రెండూ ఒకే యజమాని నేలలే. 1949లో జాతీయ వనాల చట్టం, 2000లో బీళ్ళ మీద నడిచే హక్కు చట్టం వచ్చాయంటే అందులో కిండర్ నడకకు భాగముంది. అయినా ఆ హక్కు నేటికీ ఇంగ్లండు నేలలో పన్నెండో వంతుకు మించదు.

7

మళ్ళీ వెనక బెంచీ ప్రశ్న. రాజుగారి తోటతో మాకేం పని?

పని ఉంది. ఆ తోట మట్టి మోసింది మీ తాతలే. కాబట్టి అది చూడటం మీకు ఎవరో పెట్టే భిక్ష కాదు. పండితుడు మిమ్మల్ని ఇంటి మెట్ల మీద నిలబెట్టి, ఇక్కడినుంచి చూస్తే ఎంత బాగుందో చూడండి అంటాడు. ఆయన చెప్పింది నిజమే, అక్కడినుంచి బాగానే ఉంటుంది. మనవాళ్ళలో తొందరపాటు మనిషి గేటు దగ్గరే నిలబడి, లోపలికి పోవద్దు, అది శత్రువు ఇల్లు అంటాడు. గేటు బయట నిలబడ్డవాడికి కందకం ఎక్కడుందో ఏనాటికీ తెలియదు. తోట మొత్తం యజమానికి వదిలేసి రావటం విప్లవం కాదు.

మన ప్రబంధకవి తోట వర్ణనలో పూలు కోసే చేతులు కనిపిస్తాయి, నీళ్ళు మోసే చేతులు కనిపించటం అరుదు. ఆ పద్యం నిర్మాణంలో కందకం అక్కడుంది. దాన్ని చూపించటానికి పద్యం బాగా చదవాలి, సమాసం విప్పాలి, కవి ఏ చెట్టు దగ్గర ఆగాడో, ఎవరిని దాటిపోయాడో గమనించాలి. రసానుభూతి ఇందుకు అడ్డు రాదు. ఆ అనుభూతి లేనివాడికి దాచినదేమిటో కూడా అంతుబట్టదు.

సీజిన్‌కోట్ నుంచి బయలుదేరేముందు వాగు ఒడ్డున ఒక తోటపనివాడు మోకాళ్ళ మీద కూర్చుని కలుపు తీస్తుంటే, పక్కనున్న పెద్దాకుల మొక్క పేరడిగాను. లాటిను పేరు చెప్పాడు, చలికాలం దాన్ని దాని ఆకులతోనే కప్పి మంచు నుంచి కాపాడాలని చెప్పాడు, ఏ మూల వేస్తే బతకదో చెప్పాడు. ఆ పది నిమిషాల్లో తోట నాకు మొదటిసారిగా నేల మట్టం నుంచి కనిపించింది. తరువాత గడ్డి మీద చేతులు తుడుచుకుని తన పనిలో పడ్డాడు.

ఈ ఏడు ఉద్యానవన వర్ణన పాఠం వచ్చినప్పుడు విద్యార్థులకు ఒక పని ఇచ్చాను. పద్యాలకు తాత్పర్యం రాసిన తరువాత, ఈ తోటకు ఒక రోజు నీళ్ళు పెట్టటానికి ఎన్ని చేతులు కావాలో, అవి పద్యంలో ఎక్కడ ఉండవలసిందో రాసుకు రమ్మన్నాను. పొలం పని చేసే ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళు ఏతం, బావి లోతు, పాదుల లెక్క సహా రాసుకొచ్చారు. ప్రశ్న అడిగిన కుర్రవాడు నాలుగు పేజీలు రాశాడు. పద్యం కూడా కంఠస్థం చేసి వచ్చాడు.